ఎడమ చేతి పాఠం

2008 జూన్ 9

చాలా రోజుల తర్వాత శృతి వచ్చింది. వేసవిలో పేరేసంద్ర దగ్గర ఆటో బోల్తాపడి ఆ పిల్ల కుడిచేతి నరాలు తెగాయి. గాయం మానింది గానీ వేళ్లు కదలవు. ఇక ఇంతేనన్నారట డాక్టర్లు. నా దగ్గర పియానో నేర్చుకున్నవాళ్లలో అంత బాగా వాయించిన పిల్ల మరొకరు లేరు.

వాళ్లమ్మ పుట్టమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో మాట్లాడేది మానేసిందమ్మా. ఊరికే ఈడ కూర్చోనీ" అంది.

శృతి పియానోకు వీపు పెట్టి కూర్చుంది.

జూన్ 11

బీరువాలో పుస్తకాలన్నీ తీశాను. అన్నీ రెండు చేతులకే. మా మాస్టారు నాకిచ్చిందే ఇన్నాళ్లూ నేర్పాను. అంతకుమించి ఉందని తెలియదు. బెంగళూరులో సంగీతం పుస్తకాలమ్మే షాపుకు ఫోన్ చేస్తే, ఎడమ చేతికి మాత్రమేనా, అలాంటివి రావు మేడమ్ అన్నాడు.

జూన్ 14, సాయంత్రం

పాత షీట్ మ్యూజిక్ ఇంటర్నెట్‌లో ఫ్రీగా పెడుతున్నారని ఎవరో అంటే, చిక్కబళ్లాపుర బస్టాండు దగ్గర పురుషోత్తమ్ సైబర్ సెంటర్‌కు వెళ్లాను. ఏం టైప్ చేయాలని అడిగాడు. లెఫ్ట్ హ్యాండ్ పియానో అన్నాను.

పేజీ మెల్లగా పైనుంచి కిందికి తెరుచుకుంది. లిస్టు. దాని కింద ఇంకా లిస్టు. పురుషోత్తమ్ మౌస్ తిప్పుతూనే ఉన్నాడు. "చానా ఉండాయమ్మా. ఏది ప్రింట్ తీసేది?" అన్నాడు. ఒక్క చేతి కోసం ఇంత సంగీతం రాసి పెట్టారు. ఇంత వయసొచ్చినా నాకు తెలియలేదు.

ఒకటి తెరిచాం. ఎక్కడో లైబ్రరీలో స్కాన్ చేసిన పాత కాగితం. నోట్స్ పైన పెన్సిల్‌తో ఏ వేలు ఎక్కడ వేయాలో ఎవరో అంకెలు రాసుకున్నారు. కొన్ని చెరిపి మళ్లీ రాశారు. అన్నీ ఎడమ చేతి వేళ్లే.

జూన్ 15

ఆ పెన్సిల్ ఎవరిదో.

జూన్ 16

శృతికి ప్రింట్ ఇచ్చాను. అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "నా మాదిరి వాళ్లు ఉండారా మిస్?" అని అడిగింది.

స్టూలు పియానో వైపు తిప్పుకుంది.

జూలై 20

ఈ పీస్ నాకూ కొత్తే. ముందు నేను వాయించి చూపించడానికి లేదు. ఇద్దరం కాగితం ముందు పక్కపక్కన కూర్చుని వెతుక్కుంటున్నాం. కింది స్వరాన్ని పెడల్‌తో పట్టి ఉంచి, అది మోగుతుండగానే చెయ్యి పైకి దూకాలి. బొటనవేలు పాట పాడాలి. ఈ రోజు మొదటిసారి ఆగకుండా చివరిదాకా వచ్చింది.

సంతకు వెళ్లిన పుట్టమ్మ చెప్పులతోనే లోపలికి పరుగెత్తుకొచ్చింది. "కుడిచెయ్యి ఆడతాండాదా?"

వీధిలోకి రెండు చేతులతో వాయిస్తున్నట్టే వినబడిందట.

శృతి ఒళ్లోని కుడిచెయ్యి ఎత్తి చూపించింది. అది ఎప్పటిలాగే ఉంది. పుట్టమ్మ దాన్ని చూసింది, పియానోను చూసింది. చెప్పులు విప్పి నేల మీద కూర్చుంది. "మల్లా వాయించు" అంది.

ఆగస్టు 3

కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని అదే పీస్ నేనూ ప్రయత్నించాను. రెండో లైను దాటలేకపోయాను. శృతి నా బొటనవేలు పట్టుకుని సరిచేసింది.