నేను కాజాలు పంచినందున మా అమ్మాయి పేరు కొట్టివేయుట

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మాయి వినీలకు (ఒకటో తరగతి) కళ్ళు నయమైనవని నేను పంచిన కాజాలు పొరపాటని, ఆమె పేరు తిరిగి జాబితాలో వ్రాయించుట గురించి.

కొబ్బరి ఒలుపు పని చేసుకొను వీరాస్వామి అను నేను, వయసు అరవై ఒకటి, చదువు ఐదు, చేతులు జోడించి వ్రాసుకొనునది.

1. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు దేవుడు మాకీ బిడ్డనిచ్చాడండి. పుట్టుకతోనే పెద్ద పెద్ద కళ్ళు. చూసినవారందరూ "ఏం కళ్ళండీ బాబూ!" అన్నవారే. దిష్టి తగులుతుందని నా భార్య దీనమ్మ కాటుక పెట్టేది. వెలుతురు పడితే మొహం దాచుకుంటుంటే సిగ్గనుకుని మురిసిపోయాము. లోపల నీటి ఒత్తిడికి కనుగుడ్డు సాగిపోతున్నదని, అది అందం కాదు రోగమని రాజమండ్రి ఆసుపత్రిలో చెప్పేనాటికి పదకొండు నెలలు నిండినవి.

2. రెండు కళ్ళకూ ఆపరేషన్ చేసినారు. అప్పటినుండి ఆరు నెలలకొకసారి గుడ్డు పొడవు కొలుస్తారు. ఏ తండ్రైనా బిడ్డ పెరగాలని కోరతాడు. నేను ఆ కన్ను పెరగకూడదని మోకాళ్ళ మీద ప్రార్థించినానండి. మొన్న డాక్టరమ్మగారు "వీరాస్వామిగారూ, కన్ను సాగడం ఆగిందండి, ఒత్తిడి కూడా బావుంది" అన్నారు. ఆ సంతోషంలో తరువాతి మాట నా చెవిని పడలేదు. తిన్నగా పోయి నాలుగు కేజీల కాజాలు తెచ్చి, వీధంతా, బడిలో కూడా, పాపకు నయమైపోయిందని పంచినాను.

3. సదరు కాజా స్వీకరించిన ప్రధానోపాధ్యాయులు రమేష్ బాబు గారు, చూపు తక్కువ పిల్లల జాబితానుండి పాప పేరు కొట్టివేసి, పెద్ద అక్షరాల పుస్తకంతో వారం వారం వచ్చే టీచరమ్మను మాన్పించి, పొడగరి గనుక వెనుక బల్లకు పంపినారు. అడుగగా, "నయమైందని మీరే కదండీ పంచారు! నేనూ తిన్నాను కదా!" అన్నారు. వారి తప్పేమీ లేదండి.

4. మరల వెళ్ళి డాక్టరమ్మగారిని అడిగినాను. "సాగడమే ఆగిందండి. నలిగిపోయిన నరం తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం" అన్నారు. కుడి కంటికి వెలుతురు మాత్రం తెలుస్తుంది. ఎడమ కంటికి, ముక్కుకు ఆనించుకుంటే, పెద్ద అక్షరం. ఏ అద్దాలు పెట్టినా ఇంతే. ఇదైనా నిలిచినందుకు నేను ఇప్పటికీ సంతోషంగానే ఉన్నానండి, ఆ తల్లి నూరేళ్ళు చల్లగా ఉండాలి. కాని నా సంతోషంతో పాపకు బోర్డు కనపడటం లేదు.

కావున నా కాజాలను పరిగణించక, పాపకు నయము కాలేదని, ఇక కాబోదని నా చేతివ్రాతే సాక్ష్యముగా తీసుకొని, టీచరమ్మను, ముందు బల్లను తిరిగి ఇప్పించవలెను. ఈ మాట దీనమ్మకు ఇంకా చెప్పలేదు. తమకే మొదట వ్రాసుకొంటిని, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వినీల తండ్రి వీరాస్వామి

మరొక మనవి: విచారణకు వచ్చువారు ఎన్ని వేళ్ళని అడిగితే పాప "రెండు" అని టక్కున చెప్తుంది. నమ్మవద్దండి. రోజూ పొద్దున్నే నేను అడుగుతాను, ఎప్పుడూ రెండే చూపిస్తాను. అది "రెండు" అనగానే వాళ్ళమ్మ నవ్వుతుంది. తమరు మూడు చూపించండి. నా వల్ల కావడం లేదు.