నిద్ర లేపి వెళ్ళు నాన్నా

మెటియాబ్రుజ్,
శుక్రవారం.

ప్రాణమైన నాన్నకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగున్నాం. ఈ మాట ఫోన్లో మొదలుపెడితే నాకు ఏడుపొస్తుంది, అందుకే కాగితం తీశాను. తెలుగు రాసి చాలా కాలమైంది, తప్పులుంటే నవ్వుకో.

నాన్నా, నా పిచ్చికి ఒక కారణముందట! నేను ప్రేమించిన అభిజిత్ నన్ను వదిలేసి నాలుగు నెలలైంది కదా. మీకు చెప్పని సంగతేమిటంటే, తప్పు అతనొక్కడిదే కాదు. రోజుకి ముప్పైసార్లు ఫోన్ చేసేదాన్ని. ఎత్తకపోతే, నా మీద కోపమొచ్చిందా అని ఆఫీసు గేటు దగ్గరే నిలదీసేదాన్ని. ఊపిరాడటం లేదని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాకు తిండి లేదు, నిద్ర లేదు. అమ్మ దిష్టి తీసింది. నేను మాత్రం సమీర దీదీ అనే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాను. ఎక్కడ వదిలేస్తారోనని మనుషుల్ని ఆత్రంగా పట్టుకు వేలాడటం చిన్నప్పుడే అలవాటవుతుందట, పెద్దయ్యాక మార్చుకోవచ్చట. ఎంత సంతోషమేసిందో! నేను చెడ్డదాన్ని కాదు నాన్నా, భయపడ్డదాన్ని, అంతే.

ఎప్పుడు మొదలైందని అడిగింది. టక్కున చెప్పేశాను. చిన్నప్పుడు నీ సెలవులు అయిపోయిన రోజు, నేను ఏడుస్తానని, నేను నిద్రలో ఉండగానే పరదీప్ రేవులో పనికి వెళ్ళిపోయేవాడివి. లేచి చూస్తే గుమ్మంలో నీ చెప్పులుండేవి కావు. ఇప్పటికీ అంతే చేస్తున్నావు. ఈసారి సెలవులకొచ్చి వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను లేపి, చెప్పి వెళ్ళు.

నీ చిన్ని

మెటియాబ్రుజ్,
మంగళవారం.

నా బంగారు నాన్నకు,

లేపావు! సెలవులు అయిపోయి వెళ్తూ, నిన్న తెల్లారి ఐదింటికి భుజం తట్టి, "అమ్మా, ఎల్లొస్తాను" అన్నావు. గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను, నాకేమీ కాలేదు. నీకే అయింది. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వేడుస్తావని కాదమ్మా, నానేడుస్తానని పారిపోయేవోడ్ని" అన్నావే, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు? నీ బస్సు కదిలేదాకా చూసి, వచ్చి మళ్ళీ పడుకున్నాను. తొమ్మిదింటిదాకా నిద్ర! జ్వరమేమోనని అమ్మ ఒళ్ళు పట్టుకు చూసింది.

ఇక అసలు సంగతి. హౌరాలో రైలెక్కి ఫోన్ చేశావు. ఖరగ్‌పూర్‌లో చేశావు, తిన్నావా అని. బాలాసోర్‌లో చేశావు, తలుపేసుకున్నావా అని. కటక్ వచ్చేలోపు ఏడుసార్లు! ఒకసారి నేను స్నానంలో ఉండి ఎత్తకపోతే అమ్మకి చేసి, "చిన్నికి నా మీద కోపమొచ్చిందేటి?" అని అడిగావట. అచ్చం నేను అభిజిత్‌ని అడిగిన మాటే. అమ్మా నేనూ నవ్వలేక చచ్చాం. నిన్నంతా అతని నంబరు తీసి చూడలేదని రాత్రి పడుకునేటప్పుడు గుర్తొచ్చింది.

వచ్చే సెలవులకి సమీర దీదీ దగ్గర నీ పేరు కూడా రాయించాను. ఇద్దరం కలిసే వెళదాం. అంతవరకు రోజుకి రెండు ఫోన్లు చాలు నాన్నా. రెండూ ఎత్తుతాను.

వస్తాను మరి,
నీ చిన్ని