అక్క చెప్పిన ద్వీపం

జనవరి 21

అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుంది అంటే, వద్దనలేదు. నాన్న వారం నుంచి చెవిలో జోరీగలా తిరుగుతుంటే, మడతపెడుతున్న దుప్పటి మీంచి తలెత్తకుండానే సరే మీ ఇష్టం అంది.

అక్క లేకుండా మొదటి టూర్. మా ఇంట్లో ఫారిన్ టూర్ అంటేనే అక్క. రెండేళ్ళకోసారి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. ఒక పక్క నాన్న, అక్కడ బండ్లు రోడ్డుకి ఎటువైపు నడుపుతారని అడిగేవాడు. సిటీ బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషికి దేశం అంటే రోడ్డే. ఇంకో పక్క అమ్మ, బాత్రూంలు శుభ్రంగా ఉంటాయా అని. మధ్యలో అక్క ఇద్దరికీ జవాబులు చెప్తూ, ఏడిపిస్తూ, అన్నీ బుక్ చేసేసేది. ఒకసారి నాన్న వేరే గుంపు ఎక్కిన పడవలో ఎక్కి నిద్రపోయాడు. వాళ్ళు భోజనం కూడా పెట్టి పంపారు. ఆ కథ ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తుంది. నడిచేది.

ఇప్పుడు మేం వెళ్ళాలనుకుంటున్న ద్వీపం పేరు హాస్పిటల్లో అక్కే చెప్పింది. అక్కడ ఒకావిడ ఇల్లు అద్దెకిస్తుంది, అమ్మావాళ్ళని తీసుకెళ్ళు, కింది గది తీసుకో అంది. అందరం కలిసే వెళ్దాంలే అన్నాను. సరేలే అంది, చిన్నపిల్లని ఊరుకోబెట్టినట్టు.

ఏ నెట్‌లోనో చూసి ఉంటుందనుకున్నాను.

ఫిబ్రవరి 6

పాస్‌పోర్ట్ ఫొటోలు. నాన్న ఫొటోలో కళ్ళు మూసుకున్నాడు, మళ్ళీ తీయించాం. అమ్మ ఎప్పటిలాగే ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసినన్నాళ్ళూ నలుగురి గొంతులు వింటూ ముఖం మీద ఏమీ కనపడనివ్వకుండా కూర్చున్న మనిషి.

అక్క పోయాక అమ్మ దాని పేరు ఎత్తలేదు. ఏడవలేదని కాదు. ఒకే ఒక్కసారి, కన్నదాన్ని నేను, నాకు చెప్పలేదు అంది. అంతే. జబ్బు సంగతి అక్క ఇంచుమించు ఆరు నెలలు దాచింది. ఇక మంచం ఎక్కక తప్పదన్నప్పుడు చెప్పింది. అమ్మ దుఃఖం కోపంలోకి దిగి అక్కడే ఉండిపోయింది. అక్క బట్టలన్నీ ఒక్క రోజులో ఇచ్చేసింది. నీలం స్వెటర్ ఒక్కటి నేను దాచుకున్నాను.

ఫిబ్రవరి 27

క్లినిక్‌లో ఒక పెద్దాయన. వినికిడి పరీక్ష చేస్తున్నాను. హెడ్‌ఫోన్లో నేను శబ్దం పంపనప్పుడు కూడా బటన్ నొక్కుతున్నాడు. ఏం వినిపిస్తోందండీ అని అడిగాను. ఎవరో పిలిచినట్టుందమ్మా అన్నాడు.

రిపోర్టులో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మార్చి 15

టికెట్లు తీశాను. అమ్మ, నాన్న, నేను, మా అమ్మాయి పిట్ట. మా ఆయనకి లీవు దొరకలేదు. ఇల్లు నాన్న పేరు మీద బుక్ చేశాను.

టికెట్ల సైట్‌లో పాత ప్రయాణికుల పేర్లు ఉన్నాయి. అక్క పేరు పక్కన టిక్ దానంతటదే పెట్టి ఉంది. తీసేశాను. పేజీ రిఫ్రెష్ అయింది. మళ్ళీ పెట్టి ఉంది. మళ్ళీ తీసేశాను.

ఏప్రిల్ 18, సాయంత్రం

చేరాం. విమానం, తర్వాత బస్సు, తర్వాత పడవ. నాన్న పడవ నడిపే మనిషి పక్కన నిలబడి, ఇన్ని నీళ్ళలో బ్రేకు ఎలా వేస్తావయ్యా అని తెలుగులోనే అడిగాడు. ఆయన తన భాషలో ఏదో చెప్పాడు. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

ఇంటావిడ గేటు దగ్గరే ఉంది. అరవై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, చేతుల నిండా సబ్బు నురగ. నన్ను చూడగానే ఆ తడి చేతులతోనే నా ముఖం పట్టుకుంది. కాస్త ఒళ్ళు చేశావు, మంచిదైంది అంది ఇంగ్లీషులో. అమ్మనీ నాన్ననీ చూసి, చెప్పినట్టే తీసుకొచ్చావే అంది. పిట్ట వైపు వంగి, చెల్లెలి కూతురివి నువ్వేనా అంది.

ముందు నాకేమీ అర్థం కాలేదు. ఒంటి మీద నీలం స్వెటర్ ఉంది. మా ఇద్దరివీ ఒకే ముక్కు, ఒకే గొంతు. అప్పుడు అర్థమైంది, ఆవిడ నన్ను అక్క అనుకుంటోంది. పడవ దిగినా కాళ్ళ కింద ఇంకా ఏదో ఊగుతూనే ఉంది.

చెల్లెలు రాలేదా అని అడిగింది.

రాలేకపోయింది అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. అమ్మ అప్పటికే బ్యాగు పట్టుకుని గుమ్మం వైపు నడుస్తోంది. వినలేదు, బతికిపోయాను అనుకున్నాను.

ఏప్రిల్ 19

కింది గదిలో బాత్రూం గోడకి పట్టుకోవడానికి కొత్త రాడ్డు ఉంది. నువ్వు చెప్పి వెళ్ళాక పెట్టించాను, మీ అమ్మ మోకాళ్ళ కోసం అంది ఇంటావిడ. మంచం కిటికీ వైపు జరిపి ఉంది, పడుకుంటే సముద్రం కనిపించేలా.

సముద్రానికి వెళ్ళే దారిలో ఒక కిరాణా కొట్టు. మమ్మల్ని చూడగానే కొట్టతను లోపలి నుంచి వీపు ఆనించుకునే కుర్చీ తెచ్చి అమ్మ ముందు వేశాడు. మీ అమ్మ ఇంటి నుంచి ఒక్క ఊపున నడవలేదు, ఇక్కడ ఆగాల్సొస్తుంది అన్నావు కదా అని నాతో ఇంగ్లీషులో అన్నాడు. రేవు దగ్గర పడవ మనిషి పిట్టకి సరిపోయే లైఫ్ జాకెట్ తీసి పెట్టాడు. నాన్నని చూసి నవ్వి, నిద్రపోతున్నట్టు తల పక్కకి వాల్చి చూపించాడు.

నాన్నకి ఆనందం పట్టలేదు. ఇంత మర్యాద మన చుట్టాలు కూడా చేయలేదే అన్నాడు. తనకి ఇంగ్లీషు రెండు ముక్కలే వచ్చు. అమ్మ మాత్రం కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఆఫీసు ట్రైనింగ్ అని అక్క వారం రోజులు ఊరెళ్ళింది. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఏదో ఒక ట్రైనింగ్ ఉంటూనే ఉంటుంది, ఎవరం ఏమీ అనుకోలేదు. ఇక్కడికే వచ్చింది. ఒంట్లో అంత జబ్బు పెట్టుకుని, ఒంటరిగా, ఇన్ని బండ్లు మారి. మేం ఇక్కడ ఇబ్బంది పడకుండా ఉండగలమా లేదా అని చూసి వెళ్ళింది.

ఏప్రిల్ 20

పొద్దున వంటగదిలో ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఒంట్లో ఎలా ఉంది, ఆ ట్రీట్‌మెంట్ పనిచేసిందా అని.

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. ఆవిడ ముఖం చూశాను. తగ్గిపోయింది అన్నాను.

ఆవిడ స్టూలు మీద కూలబడి, గిన్నెలు తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది. నాకు తెలుసు, నాకు తెలుసు అంది. తర్వాత తనే చెప్పుకుపోయింది. నువ్వు మధ్యాహ్నం దాకా పడుకునేదానివి. లేచాక కొట్టతని చేతికర్ర అడిగి తీసుకుని, ముసలమ్మలా ఒక పక్కకి ఒరిగి ఆ దారెంట నడిచేదానివి, పిల్లలు నవ్వేవాళ్ళు, నువ్వూ నవ్వేదానివి. ఒకరోజు ఇదిగో ఈ కిటికీ దగ్గర నిలబడి ఏడ్చావు. నేనేమీ అడగలేదు. నువ్వే చెప్పావు. ఇంట్లో ఏడిస్తే మళ్ళీ వాళ్ళందర్నీ నేనే ఓదార్చాలి, అంత ఓపిక లేదు, ఇక్కడైతే ఏడ్చి ముఖం కడుక్కుంటే అయిపోతుంది అన్నావు. గుర్తుందా అని అడిగింది.

గుర్తుంది అన్నాను.

ఏప్రిల్ 21

ఇక్కడ నన్ను చూసి అందరూ సంతోషపడుతున్నారు. బతికినందుకు.

ఏప్రిల్ 22, మధ్యాహ్నం

నాన్నా పిట్టా పడవలో వెళ్ళారు. నేను గదిలోకి వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. తలుపు వేసి రా అంది.

వేసి వచ్చి పక్కన కూర్చున్నాను. మొన్న వంటగదిలో ఆవిడతో ఏం చెప్పావు అని అడిగింది. ఏదో సర్దబోయాను. చెయ్యెత్తి ఆపింది. ఎక్స్‌ఛేంజ్‌లో అన్నేళ్ళు కూర్చున్నదాన్ని, పక్కగదిలో మాట నాకు వినపడదనుకున్నావా అంది. గేటు దగ్గర మాట కూడా విన్నానంది. నాలుగు రోజులుగా తనకి అంతా తెలుసు. తెలిసే రాడ్డు పట్టుకుని స్నానానికి వెళ్ళింది. తెలిసే ఆ కుర్చీలో కూర్చుంది.

నా మీద కోపం వస్తుందనుకున్నాను. అక్క మీద వచ్చింది. మొండిఘటం అంది. కర్ర పుచ్చుకుని నాలాగా నడిచిందట కదా, చిన్నప్పటి నుంచీ దానికి నా నడకంటే వెక్కిరింతే, స్కూల్లో కూడా నలుగురికీ చేసి చూపించేది, దొంగముండ అంది. అంటూనే నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తెగిపోయింది. ఓదార్చలేనందట, మమ్మల్ని ఓదార్చమని దాన్ని ఎవరడిగారు అంది. తర్వాత అక్క పేరు పెట్టి పిలిచింది. పూర్తి పేరు కాదు, ఉయ్యాలలో ఉన్నప్పటి ముద్దుపేరు. నేను పుట్టేనాటికే పాతబడిపోయిన పేరు. అమ్మ నోట దాన్ని నేనెప్పుడూ వినలేదు.

పైట చెంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. ఆవిడకి చెప్పావే, అది నాకు చెప్పు అంది.

ఏది అన్నాను.

తెలుగులో చెప్పు. మీ అక్క చెప్పేటట్టు చెప్పు అంది.

నా గొంతు నాకు పరాయిదానిలా వినిపించింది. తగ్గిపోయిందమ్మా, నువ్వు ఊరికే కంగారుపడకు అన్నాను. ఆ రెండో ముక్క నేను అనుకుని అన్నది కాదు. అది అక్క మాట. జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా అక్క అలాగే అనేది.

అమ్మ కళ్ళు మూసుకుని ఊఁ అంది. ఇంకోసారి అడగలేదు. అలాగే పక్కకి ఒరిగి నిద్రపోయింది. అన్ని నెలల తర్వాత పగటిపూట అమ్మ నిద్రపోవడం చూశాను.

ఏప్రిల్ 24

రేపు ప్రయాణం. నాన్నకి అంతా చెప్పాం. సర్దుతున్న బూట్లు పక్కన పెట్టేశాడు. తర్వాత, ఆవిడకి నిజం చెప్పెయ్యాలి, అంత ప్రేమగా చూసిన మనిషిని మోసం చేయడం తప్పు అన్నాడు. నాకూ అదే సరైనదనిపించింది.

అమ్మ ఒక్కటే మాట అంది. మనింట్లో పోయింది, ఇక్కడ పోలేదు కదండీ, ఇక్కడైనా ఉండనివ్వండి అంది.

నాన్న లేచి బయటికెళ్ళాడు. కొట్టు దాకా నడిచి, ఆ కుర్చీలో కూర్చుని ఉండటం కిటికీలోంచి కనిపించింది. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేరుగా వంటగదిలోకి వెళ్ళాడు. చెప్పేస్తాడనుకుని నేనూ అమ్మా గుమ్మం దగ్గర ఆగిపోయాం. నాన్న ఇంటావిడ ముందు నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, థాంక్యూ మేడమ్ అన్నాడు. నన్ను దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి వేశాడు. మై బిగ్ డాటర్, గుడ్ డాటర్ అన్నాడు.

ఏప్రిల్ 25

గేటు దగ్గర ఇంటావిడ నంబరు అడిగింది. నేను చెప్పేలోపే అమ్మ ముందుకొచ్చి తన నంబరు చెప్పింది.

మే 3

సూట్‌కేసులు అటక ఎక్కాయి. అమ్మ ఇప్పుడు అక్క గురించి మాట్లాడుతోంది. ఎక్కువగా తిడుతుంది. తిడుతుంటే ఇంట్లో తేలిగ్గా ఉంటుంది.

పిట్టకి తల దువ్వుతుంటే అడిగింది, అక్కడ అందరూ నిన్ను పెద్దమ్మ అనుకున్నారు కదమ్మా అని. అవునన్నాను. నేను అనుకోలేదు, పడవలోంచి చూస్తే మీరు వేరువేరుగానే కనిపించారు అంది. ఎవరు అన్నాను. మన గది కిటికీలో అంది. అమ్మమ్మ పడుకుంది, నువ్వు మంచం మీద కూర్చున్నావు, పెద్దమ్మ కిటికీ దగ్గర నిలబడింది అంది.

ఆరేళ్ళ పిల్ల. దూరం. నీళ్ళ మీద ఎండ కళ్ళలో కొడుతుంది.

జడ రెండుసార్లు విప్పి అల్లాను.

జూన్ 19

అక్క పోయి ఈ రోజుకి ఏడాది.

సాయంత్రం ఫోన్ మోగింది. అమ్మ తీసింది. ద్వీపం నుంచి. అందరూ కులాసా, మోకాళ్ళు పరవాలేదు అంది. అవతల ఏదో అడిగారు. అమ్మ నా వైపు చూసింది. లైన్లో ఉండండి, మా పెద్దమ్మాయికిస్తున్నాను అంది.

అందుకున్నాను. బాగున్నాను అన్నాను.