ముసలి తీగకు కొత్త పందిరి

నాయనకు రూతు వందనాలు. చిత్తూరులో అందరం బాగున్నాం.

పెరట్లో ముసలి ద్రాక్షతీగ కాపు తగ్గిందని, కొట్టేయడానికి మా అత్త నీ గొడ్డలి తెప్పించింది కదా. అది వాళ్ల అత్త నాటిన తీగ. చివరి గుత్తులతో ఈస్టరు ప్రభుభోజన సంస్కారానికి నేనే ద్రాక్షారసం పెట్టాను. రంగు కోసం మాడ్చిన చక్కెర కలపడం మరిచిపోయాను. గిన్నె అడుగు కనిపించేంత పలచగా, లేత ఎరుపుగా వచ్చింది. చర్చిలో సిగ్గుతో తల ఎత్తలేదు. అత్త మాత్రం ఒక గుక్క తాగి నా చెయ్యి పట్టుకుంది. “మా అత్త చేసింది ఇట్లనే ఉండేది మే. ఈ రుచి మల్లా దొరుకుతాదనుకోలే” అంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

గొడ్డలి మా ఆయన తెచ్చి ఇస్తాడు. దానికి బదులు పందిరికి నాలుగు పొడుగు వెదుర్లు పంపమంది అత్త.

ప్రభువు మీ ఇద్దరికీ, ఆ తీగకూ ఆయుష్షు ఇవ్వాలి.

రూతు