మన ఊళ్ళో వాన

ఏమేవ్,

ఇక్కడ నేనూ పాపా కులాసా. అక్కడ నువ్వు కులాసా అని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి ఆ ముక్క మళ్ళీ అడగను. నువ్వు చెప్పినట్టే కవరు మీద ఊరి పేరు పక్కన ‘కొండ దగ్గరది’ అని ఎర్ర సిరాతో రాస్తున్నాను. పోయినసారి రాయడం మరిచిపోతే, ఉత్తరం అదే పేరున్న ఊళ్ళన్నీ తిరిగి నీకు చేరిందట కదా. నాకంటే నా ఉత్తరమే ఎక్కువ లోకం చూసింది.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. పాపకి ఊడిన పన్ను మళ్ళీ వస్తోంది. నవ్వితే అచ్చం నీ పోలికే. వంటగది కప్పు కురవడం ఆగింది, నేను బాగుచేసి కాదు, వానలు ఆగి. రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసేవాడి ఇంట్లో ఫ్యాను తిరగదేమని దెప్పావు. ఇంకా తిరగడంలేదు. గౌను సంగతి చివర చెబుతాను.

“రేవు ఊళ్ళో బట్టల మిల్లు కాలిందట, వదిన నుంచి ఉత్తరం లేదు, క్షేమమేనా?” అని రెండు ఉత్తరాల్లో అడిగావు. మొదటిసారి ఆ ముక్క చూడనట్టే జవాబు రాశాను. ఇక దాచలేను.

పక్క కొట్టు టైలరు బావ నీకూ వాళ్ళావిడకీ, అదే మీ వదినకి, ఒకే మిషను మీద కుట్టుపని నేర్పాడు. ఒకే ఊళ్ళో పని దొరికిందనుకుని ఇద్దరూ కలిసి ఒకే పెట్టె కొన్నారు. తీరా స్టేషనుకి వెళ్ళాక తెలిసింది, పేరొకటే గాని అవి రెండు ఊళ్ళనీ, రెండు రైళ్ళనీ. పెట్టె నీకిచ్చేసి ఆవిడ దుప్పటిలో మూట కట్టుకుంది. మీరు నవ్విన నవ్వుకి ప్లాట్‌ఫారం మీద జనం ఆగి చూశారు.

ఇక్కడ నేనూ బావా మాత్రం అవి రెండు ఊళ్ళని ఒప్పుకోలేదు. నా కొట్లో రేడియో వాతావరణం చెబుతూ ఆ పేరు ఎత్తితే చాలు, ఏ ఊరైనా సరే, గోడ అవతల బావ మిషను ఆపి అరిచేవాడు. “మన ఊళ్ళో ఎండలట బావా!”

ఆ రోజు వార్తల్లో ఊరి పేరు చెప్పి, బట్టల మిల్లు తగలబడిందనీ చాలామంది పోయారనీ అన్నారు. ఏ ఊరో చెబుతారేమోనని రేడియో దగ్గరే కూర్చుండిపోయాను. బావ వచ్చి పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. “ఏం కాదు బావా, ఏం కాదు” అంటూనే ఉన్నాడు. ఆ మాట నా కోసమే అనుకున్నాను. మళ్ళీ వార్తలొచ్చేదాకా అలాగే కూర్చున్నాం. ఈసారి రేవు ఊరని విడమరిచి చెప్పారు. నేను ఎగిరి గంతేశాను. ఆయన్ని కావలించుకుని, “మన ఊరు కాదు బావా! మన ఊరు కాదు!” అని అరిచాను.

ఆయన విడిపించుకోలేదు. “మీ ఊరు కాదు బావా. మాది” అన్నాడు.

మీ వదిన పోయిందే. బావ ఒక్కడే వెళ్ళి జరగాల్సింది జరిపించి వచ్చాడు. నేను వస్తానంటే వద్దన్నాడు. ఆ దుప్పటి మాత్రం మడిచి చంకలో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

నీకు కాక ఎవరికి చెప్పుకోను? ‘మన ఊరు కాదు’ అని అరిచినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. కానీ నువ్వు బతికున్నావన్న సంతోషం మాత్రం పోవడంలేదు. గోడ అవతల మిషను చప్పుడు వినబడనప్పుడల్లా ఆ సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియడంలేదు.

ఆ తర్వాత ఆయన నా కొట్టు గడప తొక్కలేదు. నేను రేడియో పెట్టడం మానేశాను. నిన్న సాయంత్రం వచ్చి పాప గౌను బల్ల మీద పెట్టాడు. “అంచు మడత కాస్త ఎక్కువే వదిలాను, ఎదిగే పిల్ల కదా” అన్నాడు. రేడియో వైపు చూశాడు.

“చెడిపోయిందా?”

“లేదు.”

“మరి పెట్టు.”

పెట్టాను. వాతావరణం వస్తోంది. ఊరి పేరు చెప్పారు, కొండ దగ్గరదని కూడా చెప్పారు. పెద్ద వానలట. నేను తలెత్తలేదు.

“మన ఊళ్ళో వానట బావా” అన్నాడు. “చెల్లెమ్మని గొడుగు మర్చిపోవద్దని రాయి.”

గొడుగు మర్చిపోకు.

ఇట్లు,
పాప వాళ్ళ నాన్న