జకరయ్య మామ దిగిన చోటు

నంద్యాల,
12–2–1985

అమ్మకు వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను, మామ కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఈ ఉత్తరం తెచ్చిన మనిషికి ముందు మంచినీళ్లివ్వు. ఆ తర్వాతే చదువు.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మొదటిది: "నా తమ్ముణ్ణి ఆడ కొడతాండారా?" లేదమ్మా. ఈ ఆశ్రమంలో వయసొచ్చినా తమ పనులు తాము చేసుకోలేని వాళ్లు ఇరవై ఇద్దరున్నారు. బెత్తం లేదు. మా కాలేజీ నుంచి ముగ్గురం శిక్షణకు వచ్చాం. ఒక మనిషి ఏ పని ఎప్పుడు చేస్తాడో, చేసిన వెంటనే అతనికి ఏం దొరుకుతుందో గమనించి రాసుకోవడం మా పని. కొత్త పని నేర్పడం ఆ తర్వాత.

రెండోది: "వాడేం నేర్చినాడు?" మామకు ముప్పై ఆరేళ్లు. ఇక్కడికి తెచ్చేదాకా పన్నెండేళ్లు ఇంట్లో ఉంచి బయట గొళ్లెం పెట్టాం. బస్సు కనిపిస్తే ఎక్కేస్తాడని. ఒకసారి అహోబిలంలో దొరికాడు, ఒకసారి కోయిలకుంట్లలో. ఎక్కిన ప్రతిసారీ బొరుగుల పొట్లం చూపించి దింపాం. నువ్వూ చూపించావు, నేనూ చూపించాను. ఈ మాట చెబితే మా సుందరరాజు సారు కలం పక్కన పెట్టి, "అయితే బస్సెక్కితే బొరుగులొస్తాయని మీరే నేర్పినారు గదమ్మా. ఇంక దిగేది ఎవరు నేర్పాల?" అన్నారు.

అప్పటి నుంచి బొరుగులు దిగాకే. అదీ ఆళ్లగడ్డలో దిగితేనే. మొదట కండక్టరు ఊరి పేరు పిలవగానే లేవమని నేర్పాను. అది నా తప్పు. శిరివెళ్లలో కండక్టరు హుస్సేన్ పీరా, "ఆళ్లగడ్డోళ్లు టికెట్లు తీయండప్పా" అనగానే మామ అక్కడే దిగేశాడు. మొదటి పది ప్రయాణాల్లో సరిగ్గా దిగింది రెండుసార్లు. పేరు మాని, ఊరి మొదట్లో శిల్పుల కొట్టాలను గుర్తుగా పెట్టుకున్నాం. రోడ్డు పక్కన రాతి బొమ్మలు కనబడగానే సంచి భుజాన వేసుకోవాలి, బస్సు ఆగగానే దిగాలి. చివరి పన్నెండు ప్రయాణాల్లో పన్నెండుసార్లూ సరిగ్గా దిగాడు. వాటిలో ఆరుసార్లు నేను వెనక సీట్లో, మామకు కనబడకుండా కూర్చున్నాను.

"ఏందమ్మా, ఈయప్ప బొరుగులు తినేకి నంద్యాల నుంచి వస్తాండాడు! మీ ఊర్లో దొరకవా?" అని హుస్సేన్ పీరా నవ్వుతాడు. ఇప్పుడు అతనే మామకు కిటికీ పక్క సీటు అట్టిపెడుతున్నాడు.

ఇక మూడోది. "మాబూబీ నిన్ను మన వీధి మొగలో చూసినానంటాది. నిజమేనా?" అని రెండుసార్లు రాశావు. నేను కానని జవాబిచ్చాను. అబద్ధం రాశానమ్మా. అది నేనే. బస్సు దిగాక స్టాండు నుంచి మన వీధి మొగ దాకా నడిచి పోయి రావడం మామకు నేర్పుతున్నాను; అక్కణ్ణుంచి మన తలుపు మామకు తెలుసు. ముప్పై ఒక్కసార్లు ఆళ్లగడ్డ వచ్చి, మన ఇంటికి రాకుండా తిరిగి వెళ్లాను. మామను చూస్తే నువ్వు వదలవు. నేర్పింది సగంలో ఆగిపోతుంది. ఈ నెలాఖరుకు నా శిక్షణ అయిపోతుంది, మామ ఇంటికి రావాలి. ఒంటరిగా పోయి రావడం రాకపోతే మళ్లీ ఆ గొళ్లెమే. అందుకే దాచాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

ఈరోజు సాయంత్రం నాలుగింటి బస్సుకు మామ తిరిగి రావాలి. హుస్సేన్ పీరాకు చెప్పాను. నంద్యాల ఆఖరి స్టాపు కాబట్టి అందరితో పాటు దిగుతాడు, నేను స్టాండులోనే ఉంటాను. నువ్వు వెంట పోవద్దు, గడపలోనే నిలబడు. ఇంట్లో బొరుగులుంటే ఈసారి నీ చేత్తో పెట్టు. జవాబు మామ చొక్కా జేబులో పెట్టి పంపు. గొళ్లెం పీకించానని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఇది రాస్తుంటే మామ చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. ఇంకో పావుగంటలో బస్సు. ఈరోజు వెనక సీట్లో నేను ఉండను. నువ్వు ఈ మాట చదువుతున్నావంటే, పన్నెండేళ్లు లోపలి నుంచి బాదిన తలుపును మామ ఈరోజు బయటి నుంచి తట్టాడు.

ఇట్లు,
అబద్ధం ఒప్పుకున్న నీ కూతురు,
పరంజ్యోతి