శనివారం పట్టుకెళ్ళే సీడీలు

చిరంజీవి గడుగ్గాయికి నాయనమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్ళను అందరిలో కలపకపోతే. నువ్వూ క్షేమంగానే ఉన్నావని నీ చేతిరాత చెబుతోంది. ఒంట్లో బాగా లేనప్పుడు నీ అక్షరాలు గుండ్రంగా వస్తాయి. ఈసారి కోడి కెలికినట్టే ఉన్నాయి, సంతోషం.

నువ్వు రెండు సంగతులు అడిగావు. పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశాక మిగిలిన సీడీలను ఏం చేద్దామన్నది మొదటిది. ఎక్కించిన వాటిలో ఏవి పాడయ్యాయన్నది రెండోది. మొదటిది సులువు కనక ముందు దాని సంగతి చూస్తాను. రెండోదానికి కాస్త ఓపిక పట్టు.

సెలవులకు వచ్చి, తిండీ నిద్రా మాని, అల్మరా ఖాళీ చేసి, పాటలన్నీ మీ నాన్న ఫోనుకూ పెదనాన్న ఫోనుకూ పంపించి, సీడీలను అట్టపెట్టెల్లో సర్ది వెళ్ళావు. ఆ పెట్టెలు హాల్లో సోఫా పక్కన ఉన్నాయి. ఊడ్చేటప్పుడు మీ అమ్మ వాటిని ఇటు జరుపుతుంది, నేను అటు జరుపుతాను. నిన్న దానికి విసుగొచ్చింది.

"అత్తయ్యా, వీటికో చోటు చూపిస్తారా, నన్నే వేరే ఇల్లు చూసుకోమంటారా?"

"నువ్వు వెళ్తే వంటెవరు చేస్తారు? ఉండమ్మా" అన్నాను.

బాల్కనీలో వేలాడదీస్తే ఆ తళుకుకు పావురాలు బెదిరిపోతాయని రాశావు కదా. మీ అమ్మ ఒకటి కట్టి చూసింది. పొద్దున్నే ఒక పావురం వచ్చి దాని ముందు నిలబడి ఈకలు సవరించుకుని వెళ్ళింది. మర్నాడు ఇంకోదాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఎవరికైనా ఇచ్చేద్దామంటావా, పక్కింటి వకీలమ్మను అడిగాను. సీడీలు ఇచ్చేసి కాపీలు మన దగ్గర ఉంచుకోవడం పద్ధతి కాదట. "అది చట్టమా, నీ మాటా?" అన్నాను. "ఫీజు లేకుండా చెబుతున్నాను పిన్నిగారూ, ఏదో ఒకటనుకోండి" అంది.

ఇక మిగిలింది నువ్వు కుదిర్చిన బండి. పాత ప్లాస్టిక్ కరిగించి కొత్త సామాను చేసేవాళ్ళు వచ్చే శనివారం వచ్చి పెట్టెలు పట్టుకుపోతారని రాశావు. ఆ వాక్యం చదివిన దగ్గరనుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. హాల్లోంచి గుమ్మానికీ, గుమ్మంనుంచి కిటికీకీ తిరుగుతున్నాను. "అమ్మా, నడవమని డాక్టరు చెప్పాడా?" అన్నాడు మీ నాన్న. "కూర్చోమన్నాడు" అన్నాను.

ఉద్యోగం పేరు చెప్పి దూరంగా ఉంటున్నదానివి, మా శనివారాలు నీకు తెలియవు. మీ నాన్నా పెదనాన్నా కలిసి నడిపిన కళ్ళద్దాల దుకాణం రెండు దుకాణాలయిందని తెలుసు. ఇద్దరూ ఊరందరి చూపూ సరిచేస్తారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కుర్చీలు పంచుకున్నారు, అద్దాల బీరువాలు పంచుకున్నారు. కుర్రతనంలో కలిసి కొనుక్కున్న ఈ సీడీల దగ్గర మాత్రం చిక్కుపడ్డారు. ఏది ఎవరు కొన్నారో ఇద్దరికీ గుర్తు లేదు. అందుకని అవి ఇక్కడే ఉండేటట్టూ, పెద్దవాడు శనివారం సాయంత్రం వచ్చి కాసిని పట్టుకెళ్ళి, మళ్ళీ శనివారం తెచ్చిచ్చేటట్టూ నేనే తీర్పు చెప్పాను.

వాడు వచ్చి కూర్చుంటాడు. మీ నాన్న ఒక్కొక్క సీడీ తీసి దీపం కిందకు వంచి చూస్తాడు. పెద్దవాడు జేబులోంచి దుకాణంలో వాడే భూతద్దం తీస్తాడు.

"అమ్మా, ఈ గీత పోయిన వారం లేదని చెప్పు."

"గుండ్రంగా తుడిస్తే గీతలు పడవా అని అడుగమ్మా. మధ్యనుంచి అంచుకు తుడవాలని నాకు నేర్పిందే ఆయన" అంటాడు మీ నాన్న.

"నేర్పింది గుర్తుందిట. పోనీలే."

ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తాయి, అయినా నేను మధ్యలో తపాలా పెట్టెలా నిలబడాలి. కాసేపటికి కాఫీ వంక పెట్టుకుని వంటింట్లోకి జారుకునేదాన్ని. చేరవేయడానికి అమ్మ లేకపోతే గత్యంతరం లేదు కదా. "గీత లోతుగా లేదులే." "మూడో పాట దగ్గర కాస్త ఎగురుతుంది." "అంతేనా?" "అంతే." వారం మొత్తానికి ఆ అన్నదమ్ముల మధ్య నడిచే మాటలు అవే. నేను పాలు పొంగేదాకా వింటూ నిలబడేదాన్ని.

నువ్వు పాటలు పంపించాక పెద్దవాడు రాలేదు. ఫోను చేస్తే, "అన్నీ ఇందులోనే ఉన్నాయి కదమ్మా, ఇంకెందుకు రావడం?" అన్నాడు. ఆ సాయంత్రం మీ నాన్న అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తెచ్చుకుని కూర్చున్నాడు. చాలాసేపు కూర్చుని, లేచి టీవీ తుడిచాడు. మరుసటి శనివారం టీవీ కూడా తుడవలేదు.

ఇక్కడ కలం పక్కన పెట్టి కాసేపు లేచి వెళ్ళి వచ్చాను. పెట్టెలు విప్పి సీడీలన్నీ మళ్ళీ అల్మరాలో పెట్టేశాను. మీ అమ్మ చూసి, వచ్చి నా స్టూలు కదలకుండా పట్టుకుంది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ఏవీ పాడవలేదు. నీ పనిలో వంక లేదు. పెదనాన్న నీకు ఫోను చేసి "ఎందుకే అంత తొందర?" అని కోప్పడ్డాడని రాశావు. ఆ కోపం నా మీద పడాల్సింది. "పిల్ల హడావుడిగా ఎక్కించింది, పాటలు సగంలో తెగిపోతున్నాయి, సరిగ్గా వినాలంటే సీడీలే గతి" అని వాడికి ఫోను చేసి చెప్పినది నేను. మీ నాన్నకూ అదే చెప్పాను. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ అబద్ధమాడినవాళ్ళను బెంచీ ఎక్కించినదాన్ని, ఈ మోకాళ్ళతో ఇప్పుడు నేనే ఎక్కాలి. మీ నాన్న అన్నం తింటూ, "ఏ పనీ ఓపిగ్గా చెయ్యదు, అచ్చం మా అన్నయ్యే" అన్నాడు. నీ పరువు పోయింది నిజమే. కానీ వాడి నోట "మా అన్నయ్య" విని ఎంత కాలమైందో. నేను నీ పక్షాన ఒక్క మాట కూడా అనలేదు, మజ్జిగ పోశాను.

ఆ శనివారం పెద్దవాడు వచ్చాడు. తర్వాతి శనివారం కూడా వచ్చాడు. నా గుండె మాత్రం కుదుటపడలేదు. ఫోనులో ఒక్క పాట చివరిదాకా వింటే చాలు, నా బండారం బయటపడుతుంది. వాడి పేరు మీద ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను.

నిన్న మీ పెద్దమ్మ చేసింది.

"అత్తయ్యా, ఈయన తెచ్చే సీడీలు మేమేం చేసుకోవాలి? ఇల్లు మారినప్పుడే ప్లేయరు తీసేశాం కదా. ఎప్పుడు తెచ్చినా ఫ్రిజ్ మీద పెడతారు, శనివారం దుమ్ము దులిపి మీ దగ్గరకు పట్టుకొస్తారు. అడిగితే నీకు తెలియదులే అంటారు."

వాళ్ళు ఇల్లు మారింది నువ్వు ఇంకా చదువుకుంటున్నప్పుడు.

"ఫ్రిజ్ వేడి తగలకుండా కింద ఒక పుస్తకం వెయ్యమ్మా" అన్నాను.

ఇంకేమనను చెప్పు. నేను అబద్ధం చెప్పి పిలిపించుకున్నాననుకుంటే, వాడు ఇన్నేళ్ళుగా అబద్ధం మోసుకుని వస్తూ పోతూ ఉన్నాడు. మీ నాన్నకు తెలుసో లేదో తెలియదు. అడగను. ఎవరు ముందు నోరు జారుతారోనని నా తిరుగుడు ఇంకా ఆగలేదు. ఈ పేరా కూడా సగం నిలబడే రాశాను.

కాబట్టి బండివాళ్ళకు వద్దని ఇవాళే కబురు చెయ్యి. శనివారం వాళ్ళు పెట్టెలు మోసుకెళ్తుంటే పెద్దవాడు ఎదురుపడకూడదు. ఇంకొన్నాళ్ళు పని చేతకాని పిల్లవన్న పేరు నువ్వు మొయ్యి, ఈ ఇంట్లో ఆ పేరు మొయ్యగల వయసు నీకే ఉంది. మీ నాన్న గానీ పెదనాన్న గానీ "మళ్ళీ వచ్చి సరిగ్గా ఎక్కించవే" అంటే, తీరిక లేదని చెప్పు. ఎప్పుడు దొరుకుతుందని అడిగితే, ఇప్పట్లో దొరకదని చెప్పు.

ఇట్లు,
నీ మీద నింద వేసిన
నీ నాయనమ్మ